గృహ పరిశ్రమకు లెక్క పుస్తకం: బిలాస్‌పూర్ రైల్వే పట్టణం నుంచి ఒక పాఠం

ఇంట్లో కూర్చుండి నాలుగు రూపాయలు సంపాదించుకోవడం సులభమని పలువురి అభిప్రాయం. దుకాణానికి అద్దె లేదు, పనివారికి జీతాలు లేవు, చేతిలో విద్య ఉన్నది, పొయ్యి ఇంట్లోనే ఉన్నది. ఇంకేమి కావలెనని అనుకొంటారు. ఇట్లా ఉత్సాహంతో ప్రారంభమైన గృహ వ్యాపారాలలో కొన్ని నిలబడి కుటుంబానికి ఆసరా అవుతున్నవి. కొన్ని ఏడాది తిరగకముందే మూతపడుతున్నవి. సరుకు బాగులేక మూతపడినవాటికన్న, లెక్క సరిగా లేక మూతపడినవే మనకు ఎక్కువగా కనిపిస్తాయి. ఈ విషయాన్ని మన రాష్ట్రాల వెలుపల తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఒక రైల్వే పట్టణాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలిద్దాం.

రైలు మార్గం వెంట వచ్చిన తెలుగువారు

బిలాస్‌పూర్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో అర్పా నది ఒడ్డున ఉన్నది. 2000 సంవత్సరం నవంబరు 1న ఆ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఉన్నత న్యాయస్థానం ఈ పట్టణంలోనే నెలకొన్నది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయానికీ ఇదే స్థానమైనది. అయితే ఈ పట్టణానికి రైలుతో గల సంబంధం అంతకు శతాబ్దం పూర్వమే మొదలైనది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో సరుకు రవాణాకు ప్రారంభమైనది.

తూర్పు కోస్తా మార్గంలోని ఉత్తర భాగం 1902లో ఇదే కంపెనీ అధీనంలోకి వచ్చినది. 1931 నాటికి విజయనగరం నుంచి రాయపూర్ వరకు మార్గం పూర్తి అయినది. ఈ విధంగా ఉత్తరాంధ్ర జిల్లాలూ, ఛత్తీస్‌గఢ్ మైదానమూ ఒకే కంపెనీ పట్టాలతో కలిసినవి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి పనికోసం బయలుదేరినవారు ఖరగ్‌పూర్‌లో, రాయపూర్‌లో, బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. వారి బిడ్డలు హిందీలో చదివారు, వీధిలో ఛత్తీస్‌గఢీ నేర్చారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకొన్నారు. వంటింట్లో మాత్రం ఆవకాయ జాడీ, వడియాల డబ్బా ఊరినుంచి వచ్చినట్లే నిలిచి ఉన్నవి.

రైల్వే కుటుంబపు ఆర్థిక జీవనంలో ఒక ప్రత్యేకత ఉన్నది. నెల జీతం నిలకడగా వస్తుంది, క్వార్టర్ ఉంటుంది, వైద్యం, ప్రయాణపు పాసు ఉంటాయి. కాని ఇవన్నీ ఒక్కరి ఉద్యోగం మీద ఆధారపడినవి. ఉద్యోగి పదవీ విరమణ చేసిన తరువాత, కొద్ది నెలల గడువులో క్వార్టర్ ఖాళీ చేయవలసి ఉంటుంది. ఇల్లాలి పేర ఏ ఆదాయమూ లేని కుటుంబానికి ఆనాడు ఇంటి అద్దె, పిల్లల చదువు ఒక్కసారిగా భారమవుతాయి. కనుకనే ఇటువంటి పట్టణాలలో గృహ వ్యాపారం తీరిక సమయపు కాలక్షేపంగా కాక, రేపటికి చేసుకొనే ఏర్పాటుగా చూడదగినది.

లెక్కలో కనిపించని కూలి

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇందులోని అంకెలు లెక్క పద్ధతిని చూపడానికి తీసుకొన్నవి మాత్రమే. ధరలు ఊరిని బట్టి, రుతువును బట్టి మారుతూ ఉంటాయి.

ఒక ఇల్లాలు బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి అమ్మదలచినది. 5 కిలోల మినపపప్పుకు కిలో 120 రూపాయల వంతున 600, గుమ్మడికాయలకు 200, ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, ఇంగువలకు 100, రుబ్బడానికి విద్యుత్తుకు 40, కవర్లకు, చీటీలకు 60. మొత్తం 1,000 రూపాయలు. ఎండిన వడియాలు 5 కిలోలు తూగినవి. పావుకిలో చొప్పున 20 పొట్లాలు కట్టి, ఒక్కొక్కటి 70 రూపాయలకు ఇరుగుపొరుగు తెలుగు ఇళ్లలో అమ్మినది. 1,400 రూపాయలు వచ్చినవి. ఖర్చులు పోగా 400 రూపాయలు లాభమని సంతోషించినది.

కళాశాలలో వాణిజ్యశాస్త్రం చదువుతున్న కూతురు ఆ పద్దు చూచి, "అమ్మా, ఇందులో నీ కూలి ఎక్కడ రాశావు?" అని అడిగినది.

"మనింట్లో పనికి నాకు కూలేమిటే?" అన్నది తల్లి.

మన పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది. పప్పు నానవేసి కడగడం, గుమ్మడికాయ తరిగి ఉప్పువేసి నీరు పిండడం, పిండి రుబ్బడం, మేడమీద బట్ట పరచి వడియాలు పెట్టడం, మరునాడు తిరగవేయడం, సాయంత్రం లోపలికి తేవడం, తూచి పొట్లాలు కట్టడం, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావడం: వీటన్నిటికీ కలిపి 14 గంటలు పట్టినదనుకొందాం. గంటకు 50 రూపాయల వంతున కూలి 700 రూపాయలు. అప్పుడు అసలు ఖర్చు 1,700 రూపాయలు. వచ్చినది 1,400. అంటే ఆమె 400 రూపాయలు లాభం పొందలేదు; 300 రూపాయలు నష్టపోయినది. గంటకు 50 రూపాయల విలువగల శ్రమను సుమారు 29 రూపాయలకు అమ్ముకొన్నది.

విరిగినవి, బూజు పట్టినవి, అమ్ముడుపోనివి కూడా ఉంటాయి. వాటి నిమిత్తం ఖర్చు మీద పదవ వంతు కలిపితే మొత్తం 1,870 అవుతుంది. ఒక్కొక్క పొట్లానికి గిట్టుబాటు ధర 93 రూపాయల 50 పైసలు. తాను 70 రూపాయలకు అమ్ముతూ వచ్చినది. ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ అలసట; ఆ అలసటకు కారణమేమిటో తెలియదు. ఇటువంటి వ్యాపారం ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన రోజున ఆగిపోతుంది. అటుపైన మళ్లీ మొదలు కాదు.

పరిమాణం పెరిగితే ఖర్చు తగ్గును

ధరను 70 నుంచి 94కు పెంచితే కొనేవారు కొనకపోవచ్చు. మరి మార్గమేమిటి? పనిని మరొకసారి గమనిద్దాం. గ్రైండరు కడగడానికి, మేడ ఊడ్చి బట్ట పరచడానికి, బజారుకు వెళ్లి రావడానికి పట్టే కాలం 5 కిలోలకైనా 10 కిలోలకైనా ఇంచుమించు సమానమే. కనుక 10 కిలోల పప్పుతో పెడితే శ్రమ 28 గంటలు కాక 20 గంటలతో సరిపోవచ్చు. సరుకు ఒక్కసారి ఎక్కువగా కొన్నందువల్ల 2,000 రూపాయల ముడిసరుకు 1,900కు దొరుకవచ్చు. కూలి 1,000. మొత్తం 2,900. దానికి పదవ వంతు కలిపితే 3,190. ఇప్పుడు 40 పొట్లాలు. ఒక్కొక్కదాని గిట్టుబాటు ధర సుమారు 80 రూపాయలు. 94 రూపాయల వస్తువు 80 రూపాయలకు దిగినది. కూలిలో ఒక్క పైసా తగ్గించలేదు.

అయితే 20 పొట్లాలు కొన్న వీధి 40 పొట్లాలు కొనదు. మన భాష మాట్లాడేవారు ఆ వాడలో కొన్ని ఇళ్లవారే. వారిలోనూ చాలామంది తమ వడియాలు తామే పెట్టుకొంటారు. కూలిని లెక్కలోకి తెచ్చుకొన్న ఇల్లాలు తన వీధిని దాటి వెళ్లక తప్పదు.

పొరుగింటి వంట

ఇక్కడ బిలాస్‌పూర్ మనకొక మంచి విషయం నేర్పుతుంది. మనం బూడిద గుమ్మడికాయ అనేదానిని ఛత్తీస్‌గఢీలో రఖియా అంటారు. దాని తురుమును మినప పిండిలో కలిపి ఎండబెట్టి చేసే రఖియా బడి ఆ ప్రాంతపు గృహిణులకు తరతరాల విద్య. మన గుమ్మడి వడియమూ, వారి రఖియా బడీ అక్కచెల్లెళ్ల వంటివి. మనం నూనెలో వేయించి పప్పన్నంలో నంచుకొంటాము, పులుసులోనూ వేసుకొంటాము. వారు ఎక్కువగా కూరలో ఉడికించి తింటారు.

ఈ పోలికలో అవకాశమూ, హెచ్చరికా రెండూ ఉన్నవి. ఆ వస్తువు పరిచయమైనదే కనుక కొనేవారికి దానిని కొత్తగా వివరించనక్కరలేదు. కాని ఇంట్లో చేసుకొనగలిగినవారు ఊరకే కొనరు. తీరిక లేని ఉద్యోగినులు, హాస్టళ్లలోని విద్యార్థులు, భోజనశాలలవారు కొంటారు. అందువల్ల అమ్మదలచినవారు ముందుగా నాలుగు పొరుగిళ్లకు నమూనా ఇచ్చి, కారం ఎక్కువైనదా, ముక్క చిన్నదైనదా, కూరలో వేస్తే విడిపోయినదా అని అడిగి తెలుసుకొనవలెను. ఊరగాయ విషయంలోనూ ఇంతే. మనకు నువ్వుల నూనె రుచి. ఉత్తరాది ఇళ్లలో పెక్కుమందికి ఆవనూనె వాసన లేనిదే అది ఊరగాయగా తోచదు. అదే మామిడికాయతో రెండు విధాలుగా పెట్టి, విడివిడిగా పేర్లు వేసి అమ్మడంలో మన ఆవకాయకు లోటేమీ కలుగదు.

అడిగి తెలుసుకోవడానికి వెళ్లిన ఇల్లాలు పొరుగువారి భాషలో నాలుగు మాటలు నేర్చుకొని వస్తుంది. వారి బడిలోని కిటుకు ఒకటి తెలుసుకొంటుంది. జాతీయ సమైక్యతను గూర్చి మనం సభలలో చెప్పుకొనే మాటలు ఈ విధంగా వంటింటి గుమ్మం దగ్గర, తూకం రాళ్ల మధ్య ఆచరణలోకి వస్తాయి.

బొంబాయి మేడ మీది అనుభవం

కూలిని లెక్కించడం ఎంత బలమైన సూత్రమో చెప్పడానికి మన దేశంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తీసుకొని, తాము నివసించే భవనపు మేడమీద అప్పడాలు వత్తడం ప్రారంభించారు. అదే క్రమంగా శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్ సంస్థగా పెరిగినది. 1966లో అది సొసైటీగా రిజిస్టరు అయి, ఖాదీ గ్రామోద్యోగ సంఘం గుర్తింపు పొందినది. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ పురస్కారం లభించినది.

ఆ సంస్థ పద్ధతి గమనించదగినది. కలిపిన పిండిని ఒకేచోట సిద్ధం చేసి సభ్యురాండ్రకు తూచి ఇస్తారు. వారు ఇంటికి తీసుకొని పోయి వత్తి, ఎండబెట్టి తెచ్చి ఇస్తారు. వత్తిన బరువును బట్టి కూలి ముడుతుంది. అది కాక లాభంలో భాగం ఉంటుంది. కూలి వేరు, లాభం వేరు అన్న తేడాను ఆ స్త్రీలు మొదటినుంచి పాటించారు. పిండి ఒకేచోట కలపడం వలన ఎవరు వత్తినా రుచి మారదు. చిన్న పట్టణంలో నలుగురైదుగురు గృహిణులు కలిసినా ఇదే పద్ధతి అనుసరించవచ్చు. మన రాష్ట్రాలలో డ్వాక్రా సంఘాలను ఎరిగినవారికి ఇది కొత్త కాదు.

ముందుగా తెలుసుకోవలసిన నియమాలు

రైల్వే ఉద్యోగుల కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తన నియమావళిలోని 15వ నియమం ప్రకారం ఉద్యోగి అనుమతి లేకుండా తాను వ్యాపారం చేయరాదు. అతని కుటుంబ సభ్యులు వ్యాపారం చేస్తున్నచో ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయవలెను. ఆ వ్యాపారం కొరకు ఉద్యోగి తన పరిచయాలతో ప్రచారం చేయరాదు. అందువల్ల భార్య పెట్టిన వడియాలను భర్త కార్యాలయంలో బల్లబల్లకూ తిరిగి అమ్మడం మంచిది కాదు. క్వార్టర్ నివాసానికి ఇచ్చినది. దానిని వ్యాపార స్థలంగా మార్చరాదు. ఏ మేరకు అనుమతి ఉన్నదో సంబంధిత అధికారిని లిఖితపూర్వకంగా అడిగి, ఆ జవాబు కాగితం భద్రపరచుకోవడం వివేకం.

లైసెన్సు లేకుండా రైలులో గాని ప్లాట్‌ఫారం మీద గాని సరుకు అమ్మడం 1989 రైల్వే చట్టం 144వ సెక్షను ప్రకారం నేరం. స్థానిక ఉత్పత్తులకు స్టేషన్లలో చోటు కల్పించడానికి 2022లో ‘ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి’ పథకం ప్రారంభమైనది. అటువంటి మార్గంలోనే స్టేషనులోకి ప్రవేశించాలి.

ఆహార పదార్థాలు అమ్మేవారు ఎంత చిన్నవారైనా 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేసుకోవలసి ఉంటుంది. పొట్లం మీద తయారీదారు పేరు, చిరునామా, అందులో కలిపిన పదార్థాలు, నికర బరువు, తయారైన తేదీ, ఎంతకాలం నిలువ ఉండునో, గరిష్ఠ ధర మొదలైన వివరాలు ఉండాలి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపి హిందీలో గాని ఉండవలెను. దానికి తోడు తెలుగు కూడ వేసుకోవచ్చు. చిన్న సంస్థల నమోదుకు 2020 జూలై 1న ప్రారంభమైన ‘ఉద్యం’ పద్ధతిలో రుసుము లేదు. నమోదు చేయిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మనక్కరలేదు. 2015లో మొదలైన ముద్రా పథకంలో ‘శిశు’ తరగతి కింద 50,000 రూపాయల వరకు రుణానికి అవకాశం ఉన్నది. అయినా మూడు నెలల లెక్క చేతిలోకి వచ్చేదాకా అప్పుకు పోకపోవడమే మేలు. అంతవరకు తన వ్యాపారానికి ఎంత పెట్టుబడి కావలెనో తనకే తెలియదు.

నడిపేటప్పుడు పాటించవలసినవి

మొదటిది, రెండు సంచులు. ఇంటి డబ్బు వేరు, వ్యాపారపు డబ్బు వేరు. వ్యాపారానికి ఇల్లాలి పేర ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా ఉండాలి. వ్యాపారపు పప్పులోనుంచి ఇంటికి కిలో తీసుకొన్నా చిట్టాలో రాయాలి. గంటలు కూడ ఏ రోజుకారోజు రాయాలి. వారం చివర జ్ఞాపకం చేసుకొని రాసిన లెక్క నమ్మదగినది కాదు.

రెండవది, అరువు. జీతాల పట్టణంలో ఒకటవ తేదీకి ఇస్తామనే మాట సహజం. కాని పెట్టుబడి 2,000 రూపాయలైనప్పుడు 1,500 రూపాయలు అరువులో నిలిచితే వచ్చే వారం పప్పు కొనడానికి డబ్బుండదు. అరువుకు ఒక హద్దు పెట్టుకొని, ఆ హద్దును బంధువులకూ వర్తింపజేయాలి.

మూడవది, రుతువు. బిలాస్‌పూర్‌లో ఎండలు తీవ్రం. జూన్ మధ్యనుంచి సెప్టెంబరు వరకు వానలు. వడియాలు, అప్పడాలు ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వరకు పెట్టుకోవాలి. వానాకాలంలో కందిపొడి, కారప్పొడి, ఇడ్లీపిండి వంటి ఎండతో పనిలేని వస్తువులు చేయాలి. వేసవి ఆదాయంలో కొంత వానాకాలానికి దాచాలి.

నాలుగవది, శుభ్రత. కోర్బా గనుల బొగ్గు ఈ మార్గాలమీద నిరంతరం ప్రయాణిస్తుంది. యార్డుకు దగ్గరగా ఉన్న మేడల మీద ఎండబెట్టేటప్పుడు పల్చని బట్ట గాని వల గాని కప్పకపోతే నల్లని దుమ్ము పిండికి అంటుకొంటుంది. వడియం గలగలమని శబ్దం చేసేంతగా ఎండిన తరువాతనే పొట్లం కట్టాలి. తడి మిగిలినచో బూజు తప్పదు. ఒక్క బూజు పొట్లం పది ఇళ్లను దూరం చేస్తుంది.

ఐదవది, పిల్లలు. గృహ వ్యాపారంలో కూలి లెక్కించనప్పుడు మొదట నష్టపోయేది తల్లి. తరువాత నష్టపోయేది ఆడపిల్ల. "కాస్త చెయ్యి వెయ్యమ్మా" అన్న మాట పరీక్షలనాడు కూడ వినిపించవచ్చు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పిల్లలు కుటుంబ వృత్తిలో బడివేళల తరువాత, సెలవులలో మాత్రమే సహాయపడవచ్చు. వారి చదువుకు ఆటంకం కలుగరాదు. కూతురు పనిచేసిన గంటలను కూడ చిట్టాలో రాసినచో ఆమెను బడి మానిపించి సంపాదించిన ‘లాభం’ ఎంత ఖరీదైనదో తల్లిదండ్రులకు తెలిసివస్తుంది.

ముగింపు

ఉదాహరణలోని ఇల్లాలి పుస్తకాన్ని మరొకసారి తెరుద్దాం. మొదటి పేజీలో పప్పు ఉన్నది, ఉప్పు ఉన్నది, ఇంగువ ఉన్నది. పని చేసిన మనిషి మాత్రం లేదు. ఆమె శ్రమకు ఒక గడి గీయగానే ధర తెలిసినది; ధర తెలియగానే పరిమాణం పెంచవలసిన అవసరం తెలిసినది; ఆ అవసరమే ఆమెను తెలుగు వాడనుంచి ఛత్తీస్‌గఢీ, హిందీ, బెంగాలీ ఇళ్ల గుమ్మాలకు తీసుకొనిపోయినది. క్వార్టర్ ఖాళీ చేయవలసిన రోజు వచ్చినప్పుడు ఆమె వెంట పోయేవి ఈ ఖాతా, ఈ పరిచయాలు, ఈ లెక్క. వాటికి బదిలీ లేదు, పదవీ విరమణ లేదు.

విద్యార్థులకు అభ్యాసం

1. మీ ఇంట్లో గాని, పొరుగింట్లో గాని చేసే ఒక వస్తువును ఎన్నుకొని, దానికి పట్టే గంటలను ఒక వారం పాటు రాయండి. కూలి కలపక ముందు, కలిపిన తరువాత దాని ధర ఎంతయినదో పోల్చండి.

2. పై ఉదాహరణలో మినపపప్పు ధర కిలో 140 రూపాయలైనచో, 5 కిలోలతో కట్టిన పొట్లం గిట్టుబాటు ధర ఎంత?

3. మీ ఊరిలో ఇతర భాషలు మాట్లాడే కుటుంబాల వంటలలో మన వంటలను పోలినవి ఏవి? వారిని అడిగి, తయారీలోని తేడాలను రాసుకొనండి.